పాత పియానో మెట్లకు పాలిష్: సుద్దపొడా, వాటర్ పేపరా, మైక్రో మెష్షా?

పాత పియానో చేతికొచ్చిన వాళ్లు మొదట అడిగేది ఒకటే: "మెట్లు పసుప్పచ్చగా, గరుగ్గా ఉన్నాయి. ఏ నంబరు పేపర్‌తో రుద్దాలి?" నన్నడిగితే నంబరు సంగతి చివర చూసుకోవచ్చు. మెట్టు మీదున్న బిళ్ల దేనితో చేసింది, అందులో మీకు నచ్చనిది మురికా, గీతలా, రంగా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలాక చాలామందికి పేపర్ అవసరమే ఉండదు.

1900కి అటూ ఇటూ ఇంగ్లండ్, జర్మనీ, అమెరికాల్లో తయారైన మంచి పియానోల తెల్ల మెట్ల మీద ఉన్నది ఎక్కువగా ఏనుగు దంతం. కింద కర్ర, పైన మిల్లీమీటరు మందం కూడా లేని దంతపు బిళ్ల, రెండింటినీ పట్టి ఉంచేది జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు. ఏళ్ల తరబడి వేళ్లు తగిలిన చోట ఆ బిళ్ల ఇప్పటికే కొంత అరిగి, మధ్యలో చిన్న పల్లం పడి ఉంటుంది. మీరు తీసేసిన మందాన్ని మళ్లీ కొనుక్కునే దారి లేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం ఆగిపోయాయి. దేశాల మధ్య ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం 1990లో ఆపింది. బ్రిటన్‌లో 1975కి ముందు తయారై, దంతం 20 శాతంలోపు ఉన్న వాద్యాలకు మినహాయింపు ఉన్నా, రిజిస్టర్ చేయించాకే అమ్మాలి. అందుకే ఈ పోలికంతటిలో నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే: పని జరిగేవాటిలో అన్నిటికంటే మెత్తనిదాన్ని ఎంచుకోవడం.

బిళ్ల దంతమా, సెల్యులాయిడా?

పియానో ముందు నిలబడి, టార్చి లైటును మెట్ల పక్క నుంచి ఏటవాలుగా వేయండి. దంతమైతే తెల్ల మెట్టు పైభాగం సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. ముందు వెడల్పు ముక్క సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, వెనక నల్ల మెట్ల మధ్యకు దూరే సన్న ముక్క. నల్ల మెట్లు మొదలయ్యే చోట రెండింటి మధ్య వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది. దంతంలో సహజంగా ఉండే చార ఏ రెండు మెట్ల మీదా ఒకేలా ఉండదు.

సెల్యులాయిడ్ అంటే తొలి కాలపు ప్లాస్టిక్, ఆ బిళ్లలు చాలావరకు ఒకే ముక్క. దంతంలా కనిపించాలని వాటిలోనూ చారలు వేశారు గానీ, అవి పక్కపక్కనే గీసినట్టు సమంగా, మెట్టుమెట్టుకీ ఒకేలా ఉంటాయి. పొడి గుడ్డతో కాసేపు గట్టిగా రుద్ది వాసన చూడండి. లీలగా కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడే. దాన్ని తయారుచేసింది నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి మరి. ఈ కారణానికే కాల్చిన సూది గుచ్చి చూసే పరీక్ష ఎవరు చెప్పినా చేయకండి. సెల్యులాయిడ్ చటుక్కున అంటుకుంటుంది, దంతమైతే మాయని మచ్చ పడుతుంది.

చిన్న చిన్న నల్లటి చుక్కలు, గుంటలు కనిపిస్తే ఎముక కావచ్చు. పైభాగం, ముందు అంచు కలిపి ఒకే అచ్చులో పోసినట్టుంటే తర్వాతి కాలపు ప్లాస్టిక్. పియానో పాతదైనా బిళ్లలు ఎవరో ఎప్పుడో మార్చి ఉండొచ్చు, కాబట్టి పియానో వయసు పట్టిచ్చే మూత లోపలి సీరియల్ నంబరు చూసి బిళ్ల సంగతి నిర్ణయించకూడదు. వేడి దేశాల కోసమని ప్రత్యేకంగా చేసిన పియానోల్లో కొన్నిటికి బిళ్లను జిగురుతో పాటు చిన్న స్క్రూలతోనో పిన్నులతోనో బిగించారు. అలాంటివి ఉంటే రుద్దే గుడ్డ వాటికి తగులుకుంటుంది, చూసుకోండి.

రుద్దకముందు తుడవడం

గరుకుగా అనిపించేదాంట్లో పెద్ద భాగం చేతి జిడ్డు, దుమ్ము. మెత్తటి నూలు గుడ్డను నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, ఒక్కో మెట్టూ తుడిచి వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి. జిడ్డు మరీ ఎక్కువైతే ఆ నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. అంతకంటే తడి వద్దు. దంతం నీళ్లు పీలిస్తే వంగుతుంది, కింద జిగురు మెత్తబడి బిళ్ల లేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం గాలికే ఆ జిగురు సగం నీరసపడి ఉంటుంది. ఆ రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడం మేలు.

తుడిచాక ఒకరోజు ఆగి మళ్లీ టార్చి వేసి చూడండి. మురికి పోయాక మీకు కనిపించేవి రెండే: సన్న గీతలు, రంగు. గీతలకు కింద చెప్పే దారులున్నాయి. రంగుకు వీటిలో ఏదీ పనిచేయదు, ఆ సంగతి తర్వాత.

సుద్దపొడి: దంతానికి నా మొదటి ఓటు

కాల్షియం కార్బొనేట్ పొడి పెయింట్ షాపుల్లో చాక్ పౌడర్ పేరుతో దొరుకుతుంది. దంతపు బిళ్లలకు ఫ్యాక్టరీల్లో మెరుపు తెచ్చిన పాత పద్ధతుల్లో ఇదీ ఒకటి. ఇది పనిచేయడానికి కారణం గట్టిదనంలోని తేడా. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే మోస్ కొలతలో దంతం సుమారు 2.5, సుద్ద 3. వాటర్ పేపర్ (తడిపి కూడా వాడగల గరుకు కాగితం) మీద అంటించే సిలికాన్ కార్బైడ్ 9 దాటుతుంది. అంటే సుద్ద దంతాన్ని కోసీ కోయనట్టు కోస్తుంది. మీరు కాస్త ఎక్కువసేపు రుద్దినా జరిగే నష్టం తక్కువ.

షాపులో తెచ్చిన పొడిని నేరుగా వాడకండి. అందులో ఒక్క ఇసుక రేణువున్నా మెట్టు పొడవునా గీత పడుతుంది. పల్చటి నూలు గుడ్డలో వస్త్రగాళితం పట్టి, కిందకి రాలిన దాన్నే వాడాలి. బ్లాక్‌బోర్డు సుద్దముక్కలు దంచి వాడదామనుకుంటే, వాటిలో చాలా రకాలు జిప్సంతో చేసినవి. అవి దంతం కంటే మెత్తన, పని జరగదు.

చిన్న కార్క్ దిమ్మకో, గట్టి ఫెల్ట్ ముక్కకో పాత పంచె గుడ్డ చుట్టండి. వేలితో నేరుగా రుద్దితే ఒత్తిడంతా ఒకచోటే పడి అంచులు గుండ్రబడతాయి. గుడ్డను తడి తగిలీ తగలనట్టు చేసి, పొడిలో అద్ది, మెట్టు పొడవునా చార వెంబడి ముందుకీ వెనక్కీ నడిపించండి. మొదట్లో గుడ్డ పట్టుకున్నట్టుంటుంది, కాసేపటికి జారడం మొదలవుతుంది. అప్పుడు తుడిచి పక్క నుంచి టార్చి వేస్తే, మసకగా ఉన్న చోట వెలుగు గీత తెగకుండా సాగుతుంది. గుడ్డ మీదకి వచ్చిన బూడిదరంగు ముద్దలో మురికితో పాటు కొంచెం దంతం కూడా ఉంటుంది, కాబట్టి అది ఇంకా వస్తోంది కదా అని కొనసాగించకూడదు.

రెండు ముక్కల మధ్య గీతలో ఈ ముద్ద దూరి ఎండితే తెల్లటి దారం అతికించినట్టు కనిపిస్తుంది. ఎండకముందే మెత్తటి బ్రష్షుతో తీసేయాలి, ఎండిపోతే చెక్క టూత్‌పిక్ మొనతో.

నీళ్లకు బదులు కొందరు స్పిరిట్ వాడతారు. త్వరగా ఆరుతుంది, జిగురుకు తడి తగలదు, దంతానికి సరే. సెల్యులాయిడ్‌కు మాత్రం స్పిరిట్ అసలు పనికిరాదు, అది మెత్తబడుతుంది. అసిటోన్ అయితే కరిగించేస్తుంది. పియానో చెక్క మీద లక్క పాలిష్ ఉంటే ఒక్క స్పిరిట్ చుక్క పడ్డా అక్కడ తెల్ల మచ్చ తేలుతుంది. మెట్లు విప్పకుండా పని చేసేవాళ్లు స్పిరిట్ జోలికి పోకపోవడమే మంచిది.

సుద్దపొడికున్న లోటు ఓపిక. గోరు పెడితే తగిలే గీతను అది తీయలేదు.

వాటర్ పేపర్, మైక్రో మెష్: నంబర్ల తికమక

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. హార్డ్‌వేర్ షాపు వాటర్ పేపర్ మీద 1500 అని ఉంటుంది, మైక్రో మెష్ అనే పాలిష్ గుడ్డలాంటి గరుకు ముక్క మీదా 1500 అని ఉంటుంది. రెండూ ఒకటే అనుకుంటారు. రెండిట్లోనూ నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది గానీ, ఆ నంబర్లు వేరువేరు కొలతలవి. యూరప్ కొలత ప్రకారం వచ్చే పి1500 వాటర్ పేపర్‌లో రేణువు సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మైక్రో మెష్ 1500లో దాదాపు 30 మైక్రాన్లు, అంటే మామూలు పేపర్‌లో 500, 600లకు దగ్గర. "1500 చాలా మెత్తన కదా, ఏం కాదులే" అని మైక్రో మెష్ 1500తో మొదలుపెడితే దంతం మీద అక్కర్లేని గీతల వరస మీరే గీసి, వాటిని తీయడానికి సాయంత్రమంతా కూర్చోవాలి. మైక్రో మెష్‌లో 12000 అన్నది సుమారు 2 మైక్రాన్లు, అద్దంలా మెరిపించే స్థాయి.

నంబరు ఒక్కటే కాదు, నిర్మాణంలోనూ తేడా ఉంది. వాటర్ పేపర్‌లో రేణువులు గట్టి కాగితానికి అంటుకుని ఉంటాయి. అన్నీ ఒకే లోతులో కోస్తాయి, ఎత్తుగా ఉన్న చోటే కోస్తాయి. మైక్రో మెష్‌లో రేణువుల కింద రబ్బరులాంటి మెత్తటి పొర ఉంటుంది. నొక్కితే రేణువు లోపలికి వెళ్తుంది, కాబట్టి లోతైన గీత పడదు, బిళ్ల వంపును బట్టి పేపరూ వంగుతుంది.

దీన్నిబట్టి ఎంపిక తేలికవుతుంది. వేళ్లు తగిలి మధ్యలో పల్లం పడిన మెట్టుకు మైక్రో మెష్ సరైనది. అదే మెట్టును దిమ్మకు చుట్టిన వాటర్ పేపర్‌తో చదును చేయబోతే, పల్లం అడుగుదాకా పోవాలంటే అంచులన్నీ అరిగిపోవాలి. పల్లాన్ని అలాగే వదిలేయాలి. వాయించేవాళ్ల వేలికి అది ఇబ్బందేమీ కాదు, పాత మెట్లకు అదొక అందం కూడా.

వాటర్ పేపర్‌కు నిజంగా పని ఉండేది ఎత్తుపల్లాలు సరిచేయాల్సినప్పుడు. ఊడిన ముందు ముక్కను మళ్లీ అతికించాక అది వెనక ముక్క కంటే కొంచెం ఎత్తుగా నిలబడొచ్చు. అంచు పెచ్చు ఊడితే అతుకు వేసి పక్కకు సమం చేయాలి. గోటికి తగిలే లోతైన గీత ఉండొచ్చు. అలాంటి చోట 800తో మొదలుపెట్టి, 1200, 2000 దాకా వెళ్లి, అక్కడి నుంచి మైక్రో మెష్‌కు మారండి. 400 కంటే గరుకైనది దంతం దగ్గరికి తేవద్దు. పేరు వాటర్ పేపరే అయినా ఇక్కడ పొడిగానే వాడాలి. పేపర్‌లో పొడి నిండితే దులపండి, ముంచకండి.

మైక్రో మెష్ సాధారణంగా తొమ్మిది నంబర్ల సెట్‌గా వస్తుంది: 1500, 1800, 2400, 3200, 3600, 4000, 6000, 8000, 12000. దంతానికి 3600తో మొదలుపెట్టండి. గీతలు పోకపోతేనే వెనక్కి 2400కు రండి. పైకి వెళ్లేటప్పుడు మాత్రం ఏదీ దాటేయకండి, ఎందుకంటే ఒక్కోటి తన ముందుదాని గీతల్ని మాత్రమే తీయగలదు. నంబరు మారేటప్పుడల్లా మెట్టునీ, దిమ్మనీ, మీ వేళ్లనీ తుడవాలి. 2400 నాటి రేణువు ఒకటి మిగిలి 8000 దగ్గర తగిలితే మళ్లీ మొదటికొస్తారు. సెట్ దొరకనివాళ్లు కార్ పెయింటింగ్ సామాన్ల షాపులో 3000, 5000 పేపర్లు తెచ్చుకుని, చివర సుద్దపొడితో ముగించినా సరిపోతుంది.

ఎక్కడ ఆపాలన్నది రుచిని బట్టి ఉంటుంది. నేనైతే 6000 దగ్గరే ఆపమంటాను. 12000 దాకా వెళ్తే ఫొటోలో బాగుంటుంది గానీ, అంత నున్నటి మెట్టు మీద చెమట పట్టిన వేలు జారుతుంది. దంతాన్ని పియానో వాయించేవాళ్లు ఇష్టపడిందే అది చెమటను కొంత పీల్చుకుని వేలికి పట్టునిస్తుందని.

మిషన్ వీల్

నూలు గుడ్డ చక్రం మీద పాలిష్ బారు రుద్ది మెట్టును పట్టుకుంటే క్షణాల్లో మెరుస్తుంది. 52 తెల్ల మెట్లకు చేత్తో చేసే శ్రమ చూస్తే ఎవరికైనా దీనిమీదకే మనసు పోతుంది. అనుభవమున్న పియానో టెక్నీషియన్ల దగ్గర ఇది మంచి పనిముట్టే. ఇంట్లో డ్రిల్లుకు బిగించి చేసేవాళ్లకు మాత్రం నేను వద్దంటాను. చక్రం రాపిడికి పుట్టే వేడి పల్చటి దంతాన్ని పగలగొట్టగలదు, జిగురును మెత్తబరచగలదు. ముందు అంచును చక్రం లాక్కుని మెట్టును విసిరేయడం మరో ప్రమాదం. సెల్యులాయిడ్‌నైతే ఆ వేడి దగ్గరకు తీసుకెళ్లనే కూడదు. అది రుద్దినప్పుడు రాలిన పొడి కూడా మండేదే, చేత్తో చేసినా ఎప్పటికప్పుడు తడి గుడ్డతో ఎత్తేయాలి.

ఇంట్లో దొరికేవి

టూత్‌పేస్ట్ సలహా చాలామంది ఇస్తారు, దానికో తర్కం ఉంది: ఏనుగు దంతం కూడా పన్నే కదా! కానీ మనం పేస్టుతో తోమేది గట్టి ఎనామిల్ పొరను, మోస్ కొలతలో అది 5. ఏనుగు దంతంలో మనకు దొరికేది దాని కిందుండే డెంటిన్, అంతకంటే చాలా మెత్తన. పైగా పేస్టులో నీళ్లు, నురగ, రంగు, మింటు వాసన. తెల్లబరుస్తామని ప్రకటించుకునే రకాల్లో గరుకు ఇంకా ఎక్కువ ఉంటుంది. సుద్దపొడి దొరకని ఊరేమీ లేదు, దీని అవసరం కనపడదు.

బ్రాసో ఇత్తడికే ఉంచండి. కార్ రబ్బింగ్ కాంపౌండ్ దంతం చారల్లో ఇరుక్కుని బూడిదరంగు వదులుతుంది. నీళ్లతో రుద్దితే మరకలు పోతాయనే తెల్ల మ్యాజిక్ స్పాంజి మెత్తగా ఉంటుంది కాబట్టి గీకదనుకుంటారు, కానీ అదీ సన్న రాపిడి పదార్థమే. తర్వాతి కాలపు ప్లాస్టిక్ బిళ్లలకు, సెల్యులాయిడ్‌కు ప్లాస్టిక్ పాలిష్ లిక్విడ్లు చేత్తో వాడుకోవచ్చు. నోవస్ లాంటివి గీతల లోతును బట్టి నంబర్లతో వస్తాయి. స్పిరిట్ కలిసినవి మాత్రం సీసా మీద చదివి పక్కన పెట్టండి. యాక్రిలిక్ మీద కూడా స్పిరిట్ సన్నటి పగుళ్లు తెస్తుంది.

నల్ల మెట్లు

తడి గుడ్డతో ఒక మూల తుడవండి. నలుపు గుడ్డకు అంటితే అది రంగు వేసిన వేరే కలప, రుద్దితే కింద గోధుమరంగు తేలుతుంది. దాన్ని తుడిచి వదిలేయండి. అసలు ఎబొనీ (సహజంగానే నల్లగా ఉండే కలప) అయితే మైక్రో మెష్ 3600, 4000 చాలు. 0000 నంబరు స్టీల్ వూల్ కూడా బాగా పనిచేస్తుంది, కానీ మెట్లు పియానోలో ఉండగా వద్దు. రాలిన ఇనుప నూలు లోపల ఫెల్టుల్లో దిగి తుప్పు పడుతుంది.

పసుపు రంగు మాటేమిటి?

చీకట్లో మూసి ఉంచిన దంతం పసుపెక్కుతుంది. ఆ రంగు పైపొరలో ఉన్న మురికి కాదు, లోపలిదాకా ఉంటుంది. దాన్ని పేపర్‌తో తీయబోతే బిళ్ల అయిపోతుంది గానీ పసుపు అయిపోదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఐవరీటన్, డీప్ రివర్ ఊళ్లలో పియానో దంతం కోసే పెద్ద ఫ్యాక్టరీలుండేవి. కోసిన పల్చటి ముక్కల్ని గాజు కప్పున్న పొడవాటి షెడ్లలో వారాల తరబడి ఎండకు పరిచి తెల్లబరిచేవారు. ఇంట్లో చేయగలిగింది కూడా వెలుతురే: పగటిపూట మూత తెరిచి ఉంచడం. నేరుగా ఎండ తగిలేలా మాత్రం పెట్టకండి, చెక్క దెబ్బతింటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూతల గురించీ చెబుతారు. విప్పిన బిళ్లల మీద టెక్నీషియన్ చేయాల్సిన పని అది, కర్రకు అతికి ఉన్న మెట్టు మీద కాదు. నిజానికి నూరేళ్ల మెట్లు కాగితంలా తెల్లగా ఉంటే నాకైతే కట్టుడు పళ్లలాగే అనిపిస్తాయి.

ఎవరికి ఏది

పిల్లలకు నేర్పించడానికి అమెరికాలో "తీసుకెళ్తే చాలు, డబ్బులొద్దు" అని ఇచ్చే పాత అప్‌రైట్ (నిలువు) పియానో తెచ్చుకున్న మనవాళ్లకు తుడవడం, సుద్దపొడి చాలు, ఒక వారాంతపు పని. అదే పియానోను తర్వాత ఇండియాకు పంపే ఆలోచన ఉంటే దంతానికి సైటీస్ అనుమతి పత్రాలు కావాలి. ఆ సంగతి పాలిష్ కంటే ముందు తేల్చుకోండి. సికింద్రాబాద్ లాంటి చోట్ల పాత ఇళ్లలో, చర్చిల్లో ఉన్నవాటికి గీతలు ఎక్కువుంటే మైక్రో మెష్ 3600 నుంచి 6000 వరకు. ఊడినవి, పెచ్చులు లేచినవి ఉంటే ఆ మెట్లకు మాత్రమే వాటర్ పేపర్, మిగతా వాటికి కాదు. సెల్యులాయిడ్ అయితే చల్లగా, చేత్తో, ప్లాస్టిక్ పాలిష్. పేరున్న మేకరు, అమ్మకపు విలువ ఉన్న వాద్యమైతే తుడవడం దగ్గరే ఆపండి. మ్యూజియంవాళ్లు కూడా రాపిడి జోలికి తేలిగ్గా పోరు.

మెట్లు విప్పి చేస్తే అంచులు బాగా వస్తాయి. కర్ర మీద వరస నంబర్లుంటాయి, అయినా విప్పేముందు ఫొటో తీసుకోండి. పాతవాటిలో 88కి బదులు 85 మెట్లే ఉండటం మామూలే, మూడు పోయాయని కంగారు పడొద్దు. మెట్టు కింద పిన్నుల దగ్గరుండే సన్న కాగితపు రింగులు మెట్టు ఎత్తును నిర్ణయించేవి, అవి కలిసిపోతే తర్వాత టెక్నీషియన్‌ను పిలవాల్సిందే. కర్రలో పోసిన సీసపు బరువుల మీద తెల్ల పొడి కనిపిస్తే ఊదకండి, అది సీసం విషమే. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తీసి ఆ గుడ్డ పారేయండి. దంతం పొడికి కూడా ఆ మాస్కు పనికొస్తుంది.

పని టెక్నీషియన్‌కే ఇచ్చేటట్టయితే మాట్లాడుకునేటప్పుడు రెండు విషయాలు అడగండి: వీల్ మీద పెడతారా చేత్తో చేస్తారా అన్నది ఒకటి, ఏ నంబరుతో మొదలుపెడతారన్నది రెండోది. "320తో ఒక రౌండు కొట్టేస్తే అన్నీ సమానమైపోతాయి సార్" అని జవాబొస్తే, టీ ఇచ్చి పంపించేసి సుద్దపొడి జల్లించుకోండి.